మన ఊరి నవల అయినంత మాత్రాన

అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన నోటు పుస్తకం పేజీలన్నీ చదివాను. దస్తూరి బాగుంది. ఫోటోలే కొన్ని అడ్డంగా వచ్చాయి, ఫోను తిప్పుకుంటూ చదవాల్సి వచ్చింది. ఈమధ్య చదివిన నవలల మీద నీ అభిప్రాయాలు ఎలా ఉన్నాయో చెప్పమన్నావు. "మొహమాటం లేకుండా చెప్పండి మాస్టారూ" అని కింద గీత కూడా గీశావు. మన వైపు ఈ మాట అన్నవాళ్లకి నిజంగానే మొహమాటం లేకుండా చెబితే తర్వాత పెళ్లిలో ఎదురుపడినా పలకరించరు. అయినా చెబుతున్నాను.

నువ్వు బాగా చదువుతున్నావు, అందులో సందేహం లేదు. నాకు నచ్చనిది ఒక్కటే. గోదావరి నవలలకి ఒక తూకం, మిగతా వాటికి ఇంకో తూకం వేస్తున్నావు. అడివి బాపిరాజు గారి 'నారాయణరావు' గురించి రాసిన పేజీలు మళ్లీ ఒకసారి తీసి చూడు. కొత్తపేట ఉంది, తోటలున్నాయి, పెళ్లి సందడి ఉంది, వంటలున్నాయి. నవల మాత్రం లేదు. మీది రావులపాలెం కాబట్టి పక్క ఊరి పేరు అచ్చులో కనబడగానే ప్రాణం లేచొచ్చి ఉంటుంది. కానీ పూతరేకు నోట్లో వేసుకుని "ఇది ఆత్రేయపురంది" అంటే అది ఊరి పేరు చెప్పడమే గానీ రుచి చెప్పడం కాదు కదా.

ఆ నవలకీ విశ్వనాథ వారి 'వేయిపడగలు'కీ కలిపి 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతి పంచిందని రాశావు. నిజమే. ఆ తర్వాత వాక్యం నీది ఉండాల్సింది. బాపిరాజు గారి కథానాయకుడు అందగాడు, చదువరి, కళలంటే ప్రాణం పెట్టేవాడు, దేశభక్తుడు, భార్య దూరంగా ఉంచినా ఓర్చుకునేవాడు. ఇన్ని సుగుణాలున్న మనిషితో అంత పెద్ద పుస్తకం నడుస్తుంటే నీకు ఎక్కడా విసుగు రాలేదా? వస్తే ఎక్కడ వచ్చింది? నాకైతే నారాయణరావు గడప దాటి బయటికెళ్లినా పర్వాలేదు, శారద ఏం చేస్తోందో అన్న ఆత్రం ఉంటుంది. జమీందారు బిడ్డ. ఈ సంబంధం తన అంతస్తుకి తగదని దగ్గరవాళ్లు నూరిపోస్తే నమ్మింది. నవల్లో నిజంగా ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లేది ఆ పిల్లే. నీకు అలా అనిపించకపోవచ్చు, నాతో పోట్లాడు. పోట్లాడటానికి కొత్తపేట కొబ్బరిచెట్లు పనికిరావు, నవల్లో మనుషులు కావాలి.

మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిష్టరు పార్వతీశం' సంగతీ అంతే. మొగల్తూరు, నరసాపురం, కాలవలో పడవ, నిడదవోలులో రైలు అని దారి పొడుగునా ఆనందపడ్డావు. నేనూ పడ్డాను. ఆ దారిలో ఇప్పుడు పడవ లేదు కాబట్టి ఇంకాస్త ఎక్కువే పడ్డాను. కానీ 1924లో మొదటి భాగం వచ్చిన పుస్తకాన్ని ఇప్పటికీ జనం నవ్వుతూ చదువుతున్నారంటే పడవ వల్ల కాదు. లండను వెళ్లి బారిష్టరు చదువుతానని బయల్దేరిన కుర్రాడు తన కథ తానే చెప్పుకుంటాడు. తను చేసిన పని తెలివైనదేననుకుని చేస్తాడు, అలాగే చెబుతాడు. ఆడవాళ్ల టోపీ అని తెలియక కొనుక్కున్న ఘట్టం గుర్తుందా? అతనికి అర్థం కానిది మనకి అర్థమైపోతుంది. ఆ రెంటి మధ్య ఖాళీలో పుడుతుంది నవ్వు. ఇదే కథని మొక్కపాటి వారు పక్కన నిలబడి "పార్వతీశం అనే ఒక తెలివితక్కువ కుర్రాడు" అని మొదలుపెట్టి ఉంటే మనం రెండో పేజీలోనే అతన్ని చిన్నచూపు చూసేవాళ్లం. ఇప్పుడు చూడలేం. నవ్వుతూనే, పాపం ఈ కుర్రాడు క్షేమంగా చేరితే బాగుండును అనుకుంటాం. గోదావరి వెటకారం అని మనం మురిసిపోయేదాంట్లో ఎదుటివాణ్ణి పడగొట్టే ఆనందం ఎక్కువ. ఈ పుస్తకంలో అది లేదు, గమనించావా? ఉన్నదల్లా తన మీద తనకి తెలియకుండా పడే నవ్వు. అందుకే నాకు "వెటకారానికి మారుపేరు ఈ నవల" అన్న నీ వాక్యం ఒప్పుదల కాలేదు.

తర్వాతి భాగాల గురించి నువ్వు ఏమీ రాయలేదు. చదవలేదా, చదివి నచ్చక ఊరుకున్నావా? నచ్చకపోతే అదే రాయి. అక్కడ పార్వతీశానికి లోకం తెలిసిపోయింది, ఇందాక చెప్పిన ఖాళీ తగ్గిపోయింది, నాకైతే నవ్వూ తగ్గింది. చదవకపోతే "మొదటి భాగం వరకే చదివాను" అని రాయి. సగం చదివిన పుస్తకం మీద కూడా అభిప్రాయం ఉండొచ్చు, సగమని చెబితే చాలు.

కందుకూరి వీరేశలింగం గారి 'రాజశేఖర చరిత్రము' దగ్గర ఇంకో రకం ఇబ్బంది కనబడింది. ధవళేశ్వరంలో మొదలయ్యే నవల కదా, అయినా దాన్ని ఒక్క వాక్యంతో సరిపెట్టావు: గోల్డ్‌స్మిత్ నవలకి అనుకరణ అని. ఇది నీ అభిప్రాయం కాదమ్మా, నీకు ముందు చాలామంది చేతులు మారి వచ్చింది. ఆ ఇంగ్లీషు నవల ప్రభావం ఉందన్నది రహస్యమేమీ కాదు. కానీ 1878లో 'వివేకవర్ధని' పత్రికలో వస్తున్న ఆ కథలో, బంగారం చేసిపెడతానని ఇంట్లో చేరిన బైరాగి ఉన్నదంతా పట్టుకుని ఉడాయించే ఘట్టం ఉంది. చుట్టూ చేరి పొగిడేవాళ్ల మాటలు నమ్మి కరిగిపోయే ఆస్తి ఉంది. ఆ పొగడ్త రాయుళ్లని వీరేశలింగం గారు ఎక్కడ చూసి రాశారో రాజమండ్రి వాళ్లకి వేరే చెప్పాలా? పదేళ్లు తిరక్కముందే, 1887లో, అది ఇంగ్లీషులోకి కూడా వెళ్లింది. ఇంగ్లీషు నుంచి వచ్చిందన్నవాళ్లు ఇంగ్లీషుకి వెళ్లిన సంగతి అట్టే చెప్పరు. నవలగా దాన్లో లోపాలు లేవా అంటే చాలా ఉన్నాయి. నీతి చెప్పడానికి కథ ఆగిపోతుంటుంది. ఆ ఆగిన చోటు పట్టుకుని రాసి ఉంటే ఒప్పుకునేవాణ్ణి.

ఇక నీ పేజీల్లో నాకు కోపం తెప్పించింది 'కాలాతీత వ్యక్తులు'. "ఇందిర పాత్ర నాకు నచ్చలేదు, ఆమె మంచిది కాదు" అని రాశావు. ఇందిర మీ అన్నయ్యకి సంబంధమేమీ కాదు కదా! డాక్టర్ శ్రీదేవి గారు ఆ నవల రాసేనాటికి చిన్న వయసు, ముప్పై దాటీ దాటకుండానే 1961లో పోయారు. 'తెలుగు స్వతంత్ర' పత్రికలో వచ్చిన ఆ నవలని ఇప్పుడు చదివినా ఇందిర నిన్న మన వీధిలో కనబడిన మనిషిలా ఉంటుంది. కూతురి జీతం మీద బతికే తండ్రి, పైన గదిలో అద్దెకున్న మెడికో ప్రకాశం, పిరికితనాన్ని మంచితనంగా చలామణీ చేసుకునే అతని తీరు. వీటి మధ్య ఇందిర తనకి కావాల్సింది తను తీసుకోవాలనుకుంటుంది. దాని కోసం కల్యాణిని బాధపెడుతుంది కూడా. రచయిత్రి దాన్ని దాచదు, దానికి శిక్షా వెయ్యదు. మంచి పిల్ల కల్యాణి మీద జాలి పుట్టించి, ఇందిర మీద కోపం తెప్పించి ఊరుకోవడం తేలిక. ఆవిడ అలా చెయ్యకుండా, ఇందిర నోటితో మనకి జవాబు దొరకని మాటలు అనిపించింది. "నచ్చలేదు" అని నువ్వు రాసిన చోట నిజంగా జరిగింది ఏమిటంటే, ఇందిర నిన్ను ఇబ్బంది పెట్టింది. ఏ మాట అన్నప్పుడు? ఆ మాట దగ్గర ప్రకాశం ఏం చేస్తున్నాడు? అక్కడ మొదలుపెట్టి రాసి చూడు. నీ పేజీల్లో అన్నిటికంటే మంచి పేజీ అదే అవుతుందని నా నమ్మకం.

రచయితల గురించి కూడా ఇలాగే. చలం గారి మీద అభిప్రాయం లేని మనిషి మన రెండు ఒడ్డుల్లోనూ దొరకడు, 'మైదానం' చివరి పేజీ దాకా చదివినవాణ్ణి మాత్రం వెతుక్కోవాలి. నువ్వు ఆ గుంపులో చేరకు.

నచ్చినవాటి గురించి సిగ్గుపడకు అని కూడా చెప్పాలి. యద్దనపూడి 'సెక్రటరీ' చదివావని మీ అమ్మగారు చెప్పారు, నీ నోటు పుస్తకంలో దాని పేరే లేదు. ఎందుకు దాచావు? ఒకప్పుడు మన ఊళ్లలో అద్దె పుస్తకాల షాపుల్లో యద్దనపూడి, యండమూరి నవలలు అట్టలు ఊడిపోయేదాకా తిరిగాయి. అట్టలు ఊడాయంటే ఏదో కారణం ఉంటుంది. 'సెక్రటరీ'లో జయంతి, రాజశేఖరం ఒక గదిలో ఉన్నప్పుడు నువ్వు పేజీ ఎందుకు తిప్పావో నిజాయితీగా రాస్తే, బుచ్చిబాబు గారి 'చివరకు మిగిలేది' గొప్ప మనోవైజ్ఞానిక నవల అని నువ్వు రాసిన పేరా కంటే ఎక్కువ పనికొస్తుంది. ఆ పేరా ముందుమాటలోంచి వచ్చిందని నాకు తెలిసిపోయింది. మన పుస్తకాలకి ముందుమాటలు పెళ్లివారిలా గుంపుగా వస్తాయి. వాటిని చివర చదువు.

'కొండపొలం' గురించి "మాండలికం వల్ల స్లోగా ఉంది" అన్నావు. మనం మాట్లాడే "ఆయ్, అండీ" రాయలసీమ వాళ్లు ఇష్టంగా చదవాలని ఆశపడతాం, వాళ్ల మాట దగ్గరికొచ్చేసరికి మనకి టైం ఉండదు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి నవల వానల్లేక గొర్రెలకి మేతా నీళ్లూ కరువై నల్లమల ఎక్కిన కాపరుల కథ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మనకి నీళ్లంటే ఎండాకాలం కాలవ కట్టేసినప్పుడు గుర్తొచ్చే వస్తువు. నీళ్ల కోసం కొండెక్కే మనిషి నడక మనకి స్లోగా అనిపించడంలో నవల తప్పెంత, మన కాలవ తప్పెంత అని ఒకసారి లెక్క చూసుకో. అప్పటికీ స్లోగానే ఉందనిపిస్తే రాయి. కాలవ కింద పుట్టిన మనిషిగా చదివానని మాత్రం రాయి.

ఇంకోటి. పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' నవల కాదు, కథ. అయినా చదువు. మన పశ్చిమ గోదావరిలో పుట్టిన ఆయనకి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక కథల పోటీలో రెండో బహుమతి వచ్చిందని అందరూ చెబుతారు, చెప్పి అక్కడే ఆగిపోతారు. పచ్చని చేలూ లేవు, పాపికొండలూ లేవు. తుఫాను రాత్రి ఒక రైల్వే స్టేషను గది, నియమాలతో బతికే రావు గారు, ఒక ముష్టి పిల్ల. డెల్టాలో బతికినవాళ్లకి తుఫానంటే ఏమిటో తెలుసు కాబట్టి ఆ గదిలో ఏం జరిగిందో మనకి ఇంకొంచెం ఎక్కువ తెలుస్తుందేమో. మన ఊరివాళ్లమన్న హక్కు ఎక్కడైనా వాడుకోవాలంటే అలాంటి చోట వాడుకో.

వచ్చే నెల రాజమండ్రిలో పుస్తకావిష్కరణలో మాట్లాడమన్నారని, టెన్షన్‌గా ఉందని రాశావు. రచయిత మీకు వరసకి మావయ్య కూడా అవుతారన్నావు, మరీ కష్టం. శాలువాలూ ఫోటోలూ అయ్యాక నీకు దొరికేది నాలుగు నిమిషాలు. "ఆద్యంతం కట్టిపడేసింది" అనకు, ఆ మాట నీ ముందు మాట్లాడినవాళ్లు ఎలాగూ అనేస్తారు. పుస్తకంలో నువ్వు వెనక్కి తిరిగి మళ్లీ చదివిన ఒక్క పేజీ చదివి వినిపించు, ఎందుకు తిరిగావో చెప్పు. నచ్చని చోటు ఒకటుంటే దాన్నీ చెప్పు, మావయ్య గారి ముఖం చూసే చెప్పు. సభ అయ్యాక చాటుగా చెబితేనే ఆయనకి కోపమొస్తుంది. పుస్తకం మొత్తంలో నచ్చిన పేజీ ఒక్కటీ లేకపోతే జ్వరమని చెప్పి సభకి వెళ్లడమే మానెయ్.

ఇందిర మీద రాసిన కొత్త పేజీ పంపు. ఈసారి నిలువుగా ఫోటో తియ్యి. 'రాజశేఖర చరిత్రము' నా దగ్గర ఉంది, ఎలాగూ సభకి వస్తున్నావు కాబట్టి ఇంటికొచ్చి పట్టుకెళ్లు. నేను పెన్సిలుతో గీసిన గీతలు పట్టించుకోకు.

ఇట్లు,
మీ మాస్టారు