కొడుకు బార్డర్‌లో ఉంటే ఇంట్లో పాట పెట్టుకోవచ్చా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

యుద్ధకాలంలో ఇంటిపట్టున ఉన్నవాళ్ళు విన్న పాటల గురించి పోయిన నెల ఇదే పేజీలో నాలుగు మాటలు రాస్తే, ఉమ్మడి నల్గొండ నుంచి, పాలమూరు నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు. కల్వకుర్తి నుంచి వచ్చినదాన్ని మాత్రం మూడుసార్లు చదివాను, అందుకే దాంతోనే మొదలుపెడుతున్నా.

ప్రశ్న: మా పెద్దోడు ఫౌజులో ఉన్నాడు. బార్డర్‌లో గొడవ జరిగినప్పుడు నాలుగు రోజులు ఫోన్ కలవలేదు. టీవీ చూస్తుంటే గుండెదడ వస్తుందని బంద్ చేసి, పాత సినిమా పాటలు చిన్నగా పెట్టుకొని పని చేసుకుంటున్నా. మా ఆడబిడ్డ వచ్చి "పిల్లగాడు అక్కడ అట్లుంటే నీకు పాటలు ఎట్ల వినబుద్ధయితున్నది వదినా" అన్నది. అప్పటినుంచి మనసు మనసులో లేదు. నేను చేసింది తప్పా?
– ఒక తల్లి, కల్వకుర్తి

జవాబు: తప్పు కాదమ్మా. ముందు ఈ మాట చెప్పి తర్వాత మిగతావి చెబుతాను. మీ ఆడబిడ్డనూ నేను తప్పు పట్టను, ఆమెకు మేనల్లుడి మీద బెంగ ఉండి ఆ మాట అన్నది. మన దగ్గర ఇంట్లో చావు జరిగితే రేడియో, టీవీ బంద్ చేస్తాం, పదకొండు రోజులు పాట వినపడనియ్యం. ఆ అలవాటు ఆమె మనసులో ఉంది. కానీ మీ ఇంట్లో మైల లేదు కదా. మీ కొడుకు డ్యూటీలో ఉన్నాడు, మీరు ఎదురుచూస్తున్నారు. ఇల్లు ఎప్పటిలా నడవాలి, పొయ్యి వెలగాలి, పాట కూడా ఉండాలి.

మీ ఇద్దరి మధ్య వచ్చిన ఈ మాట ఒకప్పుడు ఇంగ్లండ్‌లో దేశమంతా నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు వెరా లిన్ అనే గాయని ఉండేది, లండన్ పక్కన ప్లంబర్ పనిచేసే ఆయన కూతురు. 1939లో ఆమె పాడిన పాట మనం మళ్ళీ కలుస్తాం, ఎక్కడో ఎప్పుడో తెలియదు గానీ కలుస్తాం అని చెబుతుంది. అందులో తుపాకీ లేదు, జెండా లేదు. 1941 చివర్లో బీబీసీ ఆమెకు రేడియోలో ఒక ప్రోగ్రాం ఇచ్చింది. దూరదేశాల్లో ఉన్న సిపాయిలకు ఇంటి కబుర్లు చదివి వినిపించేది, ఆస్పత్రులకు వెళ్ళి కొత్తగా కాన్పయిన తల్లులతో మాట్లాడి, నీకు బిడ్డ పుట్టిందయ్యా అని తండ్రికి రేడియోలోనే చెప్పేది, మధ్యలో పాటలు. జనం ప్రాణం పెట్టి విన్నారు. కానీ పెద్దమనుషులు కొందరికి అది నచ్చలేదు, ఇట్లా ఏడుపు పాటలు వింటే సిపాయి మెత్తబడతాడు, హుషారైన కవాతు పాటలు కావాలి అన్నారు. 1942లో బీబీసీ కూడా మరీ జాలిగొలిపే పాటలను తగ్గించాలని ఒక విధానమే పెట్టుకుంది. అయినా జనం ఆమె పాటలు వదల్లేదు. 1944లో ఆమె బర్మా దాకా వెళ్ళి అడవుల్లో ఉన్న సైనికులకు పాడింది, ఆ సైన్యంలో ఎక్కువమంది మన భారతీయులే. మెత్తబడతారన్న ఆ సిపాయిలే యుద్ధం చివరిదాకా నిలబడ్డారు.

ఇంకోటి చెబుతాను, ఇది నేను కళ్ళారా చూసింది. 1971లో నాకు పదేళ్ళు. దేవరకొండ వైపు మా ఊళ్ళో పంచాయతీ రేడియో ఒకటే ఉండేది. మా వాడకట్టులో ఒక పెద్దమ్మ కొడుకు మిలిటరీలో ఉన్నాడు. వివిధ భారతిలో సైనికుల కోసం జయమాల అని వచ్చేది, ఇప్పటికీ పాతవాళ్ళకు గుర్తుంటుంది, ఫలానా చోటునుంచి ఫలానా జవాను ఈ పాట అడిగాడు అని పేర్లు చదివి సినిమా పాటలు వేసేవాళ్ళు. ఆమెకు హిందీ ముక్క రాదు. అయినా పొద్దుమూకంగానే పల్లికాయ కొంగులో పోసుకొని వచ్చి గద్దె మీద కూర్చొని, ఒలుచుకుంటూ చివరిదాకా వినేది. కొడుకు పేరు నేను ఉన్నప్పుడు ఒక్కరోజు కూడా రాలేదు. ఎందుకు పెద్దమ్మా రోజూ వస్తావు అని అడిగితే "ఎవల కొడుకైతేంది బిడ్డా, పాట అడిగిండంటే బతికున్నడన్నట్టే గదా" అన్నది. యాభై ఏళ్ళు దాటినా ఆ మాట నా చెవిలోంచి పోలేదు. మీ ఆడబిడ్డకు ఈ సంగతి చదివి వినిపించండి, కుదిరితే ఇద్దరూ కలిసే పాట పెట్టుకోండి. టీవీ బంద్ చేసి మంచిపని చేశారు, స్టూడియోలో కూర్చొని అరిచేవాళ్ళ దగ్గర మీ కొడుకు కబురు ఉండదు.

ప్రశ్న: నేను రైస్ మిల్లులో పనిచేస్తా. మా సేటు పాటలు పెట్టనియ్యడు, పని ఆగుతుందంటాడు. యుద్ధం టైంలో ఫ్యాక్టరీల్లో సర్కారే పాటలు పెట్టించిందని ఎవరో అన్నారు, నిజమేనా?
– మిర్యాలగూడ నుంచి ఒక హమాలీ

జవాబు: నిజం తమ్ముడూ. ఇంగ్లండ్‌లో 1940 జూన్ 23న బీబీసీ ఆ ప్రోగ్రాం మొదలుపెట్టింది. పొద్దున అరగంట, మధ్యాహ్నం అరగంట, కొద్ది రోజులకే రాత్రి షిఫ్టు వాళ్ళకు ఇంకో అరగంట. అప్పటికి మగవాళ్ళు యుద్ధానికి పోతుంటే ఆడవాళ్ళు గుండ్లు, విమానాలు చేసే కార్ఖానాల్లోకి వచ్చారు, గంటలకొద్దీ ఒకేరకం పని, బాంబులు పడతాయన్న భయం, నిద్ర లేదు. చేతులు మందగించేది పని మొదలైన రెండు మూడు గంటలకు, సరిగ్గా అప్పుడు పాట పడేటట్టు చూసేవాళ్ళు. ప్రొడక్షన్ పెరగాలనే పెట్టారు, మీ సేటు భయపడేదానికి పూర్తి ఎదురు.

అయితే ఏ పాట పడితే ఆ పాట వేయలేదు. మెషిన్ల మోతలో వినపడాలి కాబట్టి మరీ మెల్లగా సాగేవి వద్దు, మధ్యలో నడక మారకూడదు, పాడేవాళ్ళ గొంతు కంటే వాయిద్యాలే ఎక్కువ. డ్రమ్ము అంచు మీద టక్కున కొట్టే దెబ్బ కూడా వద్దన్నారు, అది తుపాకీ చప్పుడులా వినపడుతుందని. టెక్సాస్ మీద ఒక అమెరికన్ పాట అప్పట్లో బాగా నడిచింది, అందులో లైను లైనుకూ నాలుగు చప్పట్లు వస్తాయి. కార్మికులు పని వదిలి పానాలతో, సుత్తెలతో మెషిన్ల మీదే ఆ నాలుగు దెబ్బలు కొడతారని దాన్ని ఆ ప్రోగ్రాంలో ఆపేశారు. 1941 నుంచి కార్ఖానా క్యాంటీన్లకే ఆర్టిస్టులను తీసుకొచ్చి అన్నం వేళ ఆటపాటలు పెట్టారు, అవి రేడియోలో దేశమంతా వినపడేవి.

ఇదంతా చదివినప్పుడు నాకు మన నాట్లే గుర్తొచ్చాయి. సాగర్ ఎడమ కాల్వ కింద మీ మిర్యాలగూడ పొలాల్లో ఆడవాళ్ళు వరుసగా వంగి నాటు వేస్తుంటే ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు, ఆ పాట నడకలోనే చేతులు కదులుతాయి, నడుంనొప్పి కూడా కాస్త మరుపుకొస్తుంది. బీబీసీ వాళ్ళు లెక్కలు వేసి కనుక్కున్నది మన నాటు కూలీలకు ఎప్పటినుంచో తెలుసు. మీ సేటుతో రోజుకు అరగంట పెట్టి చూద్దాం సార్ అని అడగండి. చెవిలో ఇయర్‌ఫోన్లు మాత్రం పెట్టుకోవద్దు, బెల్టు తిరిగే మెషిన్ దగ్గర పక్కవాడు అరిచింది వినపడకపోతే చేయి పోతుంది.

ప్రశ్న: మా తాత దాచుకున్న పాత గ్రామఫోన్ రికార్డు చేతిలోంచి జారి మూడు ముక్కలైంది. అతికించొచ్చా? అసలు దాన్ని దేంతో చేస్తారు?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: బాధ అర్థమైంది, కానీ అతికించి వాయించొద్దు, అతుకు దగ్గర సూది దెబ్బతింటుంది. ముక్కలు పారేయకుండా, లేబుల్ ఫోటో తీసి దాచండి. లేబుల్ మీద నంబరు ఉంటే అదే పాట ఇంకొకరి దగ్గర దొరకొచ్చు.

అది పగిలింది ఎందుకంటే దాంట్లో ఉన్నది లక్క. గాజులకు వాడే లక్కే. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే జిగురును శుద్ధి చేసి, రాతిపొడి, నల్లరంగు కలిపి వేడిమీద అచ్చు కొడితే 78 స్పీడు రికార్డు తయారయ్యేది. లోకానికి లక్క ఎక్కువగా మన దేశం నుంచే పోయేది, ముఖ్యంగా ఛోటా నాగపూర్ అడవుల నుంచి. యుద్ధం తూర్పు సముద్రాలకు పాకేసరికి ఓడలు నడవడం కష్టమైంది, పైగా లక్క మిలిటరీ పనులకూ కావాలి. 1942 ఏప్రిల్‌లో అమెరికా సర్కారు రికార్డులకు ఇచ్చే లక్క బాగా కోసేసింది. కొత్త రికార్డు కావాలంటే పాతది తెచ్చి ఇవ్వమన్నారు, దాన్ని కరిగించి మళ్ళీ అచ్చు కొట్టేవాళ్ళు. ఎన్ని మంచి పాటలు అట్లా కరిగిపోయాయో! అది చాలదన్నట్టు అదే ఏడాది ఆగస్టు 1 నుంచి అక్కడి వాద్యకారుల సంఘం తమకు రావాల్సిన డబ్బుల కోసం రికార్డింగులు బంద్ పెట్టింది. వాయిద్యం లేక కొందరు గాయకులు వెనక కోరస్ పెట్టుకొని గొంతులతోనే పాటలు రికార్డు చేశారు. సైనికులకు పంపే రికార్డులకు మాత్రం సంఘం ఒప్పుకుంది, ఓడల్లో పగలకుండా వాటిని వినైల్‌తో చేశారు. మీ తాతగారి రికార్డు ఇన్నేళ్ళు పగలకుండా ఉండటమే గొప్ప.

ప్రశ్న: శత్రువులిద్దరూ రాత్రిపూట ఒకే పాట విన్నారంటారు, అది కథేనా?
– డిగ్రీ విద్యార్థిని, నాగర్‌కర్నూల్

జవాబు: కథ కాదు. లిలి మార్లీన్ అనే జర్మన్ పాట. హాన్స్ లైప్ అనే ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో రాసుకున్న కవిత, 1939లో లాలె ఆండర్సన్ పాడింది, అప్పుడు పెద్దగా ఎవరూ కొనలేదు. 1941లో జర్మన్ సైన్యం బెల్‌గ్రేడ్‌లో పెట్టుకున్న రేడియో స్టేషన్ దాన్ని రాత్రి పదికి కాస్త ముందు వేయడం మొదలుపెట్టింది. ఆఫ్రికా ఎడారిలో అటు జర్మన్లు, ఇటు బ్రిటిష్ వాళ్ళు అదే టైముకు రేడియో తిప్పేవాళ్ళు. బ్యారక్ గేటు దగ్గర దీపం కింద ప్రియుడి కోసం నిలబడ్డ అమ్మాయి, అంతే పాట. హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్‌కు అది నచ్చలేదు, అయినా సైనికుల నోళ్ళు మూయించలేకపోయాడు.

ప్రశ్న: ఇవన్నీ పరాయి దేశాల ముచ్చట్లు. మన నల్గొండలో సాయుధ పోరాటం నడిచినప్పుడు ఊళ్ళో ఉన్నవాళ్ళు ఏం పాడారు? వాళ్ళకు రేడియో ఎక్కడిది?
– రిటైర్డు టీచర్, రామన్నపేట

జవాబు: బాగా అడిగారు సార్, ఇది నేనే ముందు రాయాల్సింది. 1946 నుంచి 1951 దాకా మన పల్లెల్లో పాట నోటి మీదే నడిచింది. గొల్లసుద్దులు, బుర్రకథ, బతుకమ్మ బాణీలో ఉయ్యాల పాటలు, అంతకుముందు నుంచీ జనానికి తెలిసిన రాగాలే, మాటలు మాత్రం కొత్తవి. మీ జిల్లాలోనే సుద్దాల, ఆ ఊరి హనుమంతు గొల్లసుద్దులను పోరాటానికి వాడుకున్నాడు. బండి యాదగిరి కట్టిన బండెనక బండి పాట తర్వాత మా భూమి సినిమాలో గద్దర్ గొంతుతో ఊరూరికీ మళ్ళీ వచ్చింది, మీకు తెలిసిందే. అది నైజాం సర్కారును నిలదీసే పాట.

కానీ నాకు అంతకన్నా దగ్గరగా అనిపించేది హనుమంతుదే ఇంకో పాట, పశులు కాసే పిల్లగాడి మీద. ఊళ్ళకు ఊళ్ళు తిరగబడుతున్న కాలంలో ఆయన చూపు ఒక జీతగాడైన చిన్నపిల్లవాడి మీద పడింది. వాడు తల్లి పాలు మరిచి ఎన్నాళ్ళయిందని అడుగుతాడు. దళాల్లోకి పోయినవాళ్ళ సంగతి చరిత్రలో ఉంది. మగదిక్కు లేని ఇంట్లో ఉండి, పోలీసులొస్తే జవాబు చెప్పి, మళ్ళీ పొద్దున్నే పొలానికి పోయిన ఆడవాళ్ళ పాటలు మాత్రం సగం కాగితం మీదికి రాలేదు. సార్, మీ ఊళ్ళో తొంభై దాటిన అమ్మలు ఎవరైనా ఉంటే, దసరాకు ముందే వెళ్ళి కూర్చోండి. బతుకమ్మ పాటలు పాడమని మొదలుపెట్టి, పాత ఉయ్యాల పాటలు అడగండి, ఫోన్‌లో రికార్డు చేయండి. సగమే గుర్తున్నా ఫర్వాలేదు, రాసి పంపితే ఈ పేజీలో వేస్తాను.

ప్రశ్న: జనవరి 26కు మా స్కూల్లో లతా మంగేష్కర్ పాడిన ఏ మేరే వతన్ కే లోగో నేర్పుతున్నాం. యాంకరింగ్‌లో చైనా యుద్ధంలో సైనికులను ఉత్సాహపరచడానికి పాడారని చెప్పాలా?
– ప్రైవేటు స్కూల్ టీచరమ్మ, సూర్యాపేట

జవాబు: అట్లా చెప్పొద్దమ్మా. చైనా 1962 నవంబర్ 21న కాల్పులు ఆపేసింది. లత ఈ పాట పాడింది 1963 జనవరి 27న, ఢిల్లీలో, నెహ్రూ ముందు. అంటే యుద్ధం అయిపోయి రెండు నెలలు దాటాక. రాసింది కవి ప్రదీప్, బాణీ సి. రామచంద్ర. అది ఉత్సాహపరిచే పాట కాదు, తిరిగిరాని వాళ్ళను తలచుకొని కంటతడి పెట్టమని ఇంట్లో ఉన్నవాళ్ళను అడిగే పాట. నెహ్రూకు కూడా కన్నీళ్ళు వచ్చాయి. పిల్లలకు ముందు అర్థం తెలుగులో చెప్పండి, తర్వాతే పాట నేర్పండి, దానికి డాన్సు స్టెప్పులు పెట్టొద్దు. మీ స్కూల్లో ఫౌజులో ఉన్నవాళ్ళ పిల్లలు ఎవరైనా ఉంటే, ఈ పాట వాళ్ళతో పాడించే ముందు ఇంట్లో తల్లిని ఒక మాట అడగండి.