డెమోకి వాళ్ల మోడల్ వద్దు, మీ నాలుగు టాస్కులు ఇవ్వండి

ఎంబెడెడ్ సిస్టమ్ (యంత్రాల లోపల ఉండే కంప్యూటర్) ఆర్కిటెక్చర్ మోడలింగ్‌కి, అంటే దాని నిర్మాణాన్ని ముందే నమూనాగా గీసి పరీక్షించడానికి, టూల్స్ అమ్మేవాళ్లను ఎలా వెతకాలని అడిగారు. కంపెనీ పేర్లతో మొదలుపెడితే నెలలు డెమోలకే సరిపోతాయి. ముందు ఏ మోడలింగ్ భాషో, ప్రమాణమో తేల్చుకోండి, జాబితా దానంతటదే చిన్నదైపోతుంది.

కారు ఈసీయూ (కారులోని కంట్రోల్ కంప్యూటర్) అయితే చాలావరకు ఆటోసార్ అనే కార్ల సాఫ్ట్‌వేర్ ప్రమాణం తప్పదు. వెక్టర్, ఈటాస్, ఎలెక్ట్రోబిట్‌లను అడగండి. ఫంక్షన్ల పంపకం, ఇంటర్‌ఫేస్‌ల వరకే అయితే థేల్స్ కంపెనీలో పుట్టిన కాపెల్లా అనే టూల్ ఉచితం. పనులు సమయానికి ముగుస్తాయా అనే టైమింగ్ లెక్కలు కావాలంటే మాత్రం ఏఏడీఎల్ అనే ఆర్కిటెక్చర్ భాష. 2004లో ఎస్‌ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ ప్రమాణంగా వచ్చింది ఇది. దానికి కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల ఓసాటే టూల్ ఉచితంగా దొరుకుతుంది, కొనాలంటే ఎలిడిస్ వాళ్ల ఏఏడీఎల్ ఇన్‌స్పెక్టర్ ఉంది.

అమ్మేవాళ్లు తెచ్చే తయారు మోడల్ ఎప్పుడూ అందంగానే నడుస్తుంది, దాన్ని చూడకండి. ఒకే ప్రాసెసర్ మీద ఈ నాలుగు టాస్కులు (మళ్లీ మళ్లీ నడిచే పనులు) పెట్టమనండి: 10 మిల్లీసెకన్లకోసారి 3 మిల్లీసెకన్ల పని, 20కోసారి 4, 50కోసారి 10, 100కోసారి 8. డెడ్‌లైన్ పీరియడ్‌తో (ఎన్నింటికోసారి అన్న ఆ వ్యవధితో) సమానం, పీరియడ్ తక్కువైతే ప్రయారిటీ ఎక్కువ. మొత్తం లోడ్ 78 శాతం. ఈ ప్రయారిటీ పద్ధతిలో లోడ్ ఇంతలోపు ఉంటే డెడ్‌లైన్లన్నీ అందుతాయని హామీ ఇచ్చే రేట్ మోనోటోనిక్ హద్దు నాలుగు టాస్కులకు 75.7 శాతమే, కానీ అది దాటినంత మాత్రాన డెడ్‌లైన్ అందదని కాదు. ఇక్కడే ఎర్రలైటు వెలిగించి ఆగిపోయే టూల్ వద్దు, దాన్ని నమ్మి అనవసరంగా పెద్ద ప్రాసెసర్ కొంటారు. రెస్పాన్స్ టైమ్ (మొదలవ్వాల్సిన క్షణం నుంచి ముగిసేదాకా పట్టే గరిష్ట సమయం) లెక్కిస్తే ఆఖరి టాస్కు 38 మిల్లీసెకన్లలో ముగుస్తుంది, డెడ్‌లైన్ 100. ఆ 38 తెర మీద కనిపించాలి.

తర్వాత ఆ ఆఖరి టాస్కుకి ప్రాసెసర్ బైండింగ్ (ఏ ప్రాసెసర్ మీద నడవాలో చెప్పే లంకె) తీసేసి మళ్లీ నడపమనండి. బైండింగ్ లేదని టూల్ గట్టిగా చెప్పాలి. చెప్పకుండా ఆ టాస్కుని వదిలేస్తే లోడ్ 70 శాతం అవుతుంది, మూడు టాస్కుల హద్దు దాదాపు 78 శాతం, 70 దాని లోపే కాబట్టి అంతా పచ్చగా కనిపిస్తుంది. అసలు ప్రమాదం ఇదే, ఎందుకంటే పెద్ద మోడల్‌లో మరిచిపోయిన బైండింగ్‌ని కంటితో పట్టుకోలేం.

ఎక్స్ఎంఐ (టూల్స్ మధ్య మోడళ్లు మార్చుకునే ఫైలు రూపం) ఎగుమతి ఉందనే మాటతో సరిపెట్టుకోకండి. ఒక టూల్ రాసిన ఫైలు ఇంకో టూల్‌లో తెరిస్తే బొమ్మల అమరిక చాలాసార్లు చెదిరిపోతుంది, ఇన్నేళ్లయినా ఈ బాధ తీరలేదు. ఏఏడీఎల్ మామూలు టెక్స్ట్, గిట్‌లో (ఫైళ్ల మార్పులు దాచే సాఫ్ట్‌వేర్) తేడా లైను లైనుగా కనిపిస్తుంది. లైసెన్సు గడువు తీరాక మోడల్ కనీసం చదవడానికైనా తెరుచుకుంటుందా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.