మ్యాపు బొమ్మలో బూడిద గళ్లు ఎందుకు మిగులుతాయి?

ప్రశ్న: మా సైట్‌లోని లీఫ్‌లెట్ (వెబ్ పేజీలో మ్యాపు చూపే లైబ్రరీ) మ్యాపును సర్వర్ మీద పపెటీర్‌తో (క్రోమ్‌ను ప్రోగ్రాం ద్వారా నడిపే సాధనం) స్క్రీన్‌షాట్ తీసి పీడీఎఫ్ నివేదికల్లో పెడుతున్నాం. రోజుకు 200 నివేదికలు. కొన్నిటిలో మ్యాపు నిండుగా వస్తోంది, కొన్నిటిలో బూడిదరంగు గళ్లు మిగులుతున్నాయి. స్క్రీన్‌షాట్‌కు ముందు 5 సెకన్లు ఆగేలా రాసినా ఇదే తంతు.
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు ఆ 5 సెకన్ల లైను తీసేయండి. టైల్స్ (మ్యాపును కూర్చే చదరపు ముక్కలు) 2 సెకన్లలో వచ్చినప్పుడు 3 సెకన్లు దండగ, 6 సెకన్లు పట్టినప్పుడు గళ్లు తప్పవు. పని అయిందని మ్యాపు చేతే చెప్పించాలి. కనబడే టైల్స్ అన్నీ ముగిశాక లీఫ్‌లెట్ టైల్ లేయర్ ‘లోడ్’ ఈవెంట్ పంపుతుంది. లేయర్‌ను మ్యాపుకు కలపకముందే దానికి లిజనర్ (ఈవెంట్‌ను గమనించే ఫంక్షన్) పెట్టి, ఈవెంట్ రాగానే విండోలో ఒక వేరియబుల్‌ను ట్రూ చేయండి. సర్వర్ వైపు పపెటీర్‌లోని వెయిట్‌ఫర్‌ఫంక్షన్ దానికోసం చూస్తుంది. గడువు 15 సెకన్లు చాలు.

అసలు చిక్కు ఇక్కడుంది: రాకుండా విఫలమైన టైల్ కూడా ‘ముగిసిన’ లెక్కలోకే వస్తుంది. అంటే గళ్లున్నా ‘లోడ్’ ఈవెంట్ వచ్చేస్తుంది. అందుకే ‘టైల్‌ఎర్రర్’ ఈవెంట్లను విడిగా లెక్కపెట్టండి. ఒక్కటి వచ్చినా ఆ బొమ్మను పారేసి మళ్లీ తీయాలి. ఫేడ్, జూమ్ యానిమేషన్లు రెండూ ఆపేయండి, లేకపోతే టైల్స్ సగం వెలిసినట్టు పడతాయి. మ్యాపు డివ్‌కు వెడల్పు, ఎత్తు పిక్సెళ్లలో ఇవ్వండి. పపెటీర్ కిటికీ మామూలుగా 800×600 మాత్రమే.

మీ టైల్స్ ఎందుకు విఫలమవుతున్నాయో కూడా చూడాలి. 1200×800 బొమ్మకు 256 పిక్సెళ్ల టైల్స్ గరిష్ఠంగా 6 నిలువు వరుసలు, 5 అడ్డ వరుసలు, అంటే 30 పడతాయి. 200 నివేదికలకు 6,000. ఇన్నిటిని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనం కలిసి తయారుచేసే స్వేచ్ఛా మ్యాపు) సొంత టైల్ సర్వర్ నుంచి లాగుతుంటే ఆపేయండి. అది విరాళాల మీద నడిచేది, మూకుమ్మడి డౌన్‌లోడ్లను దాని నిబంధనలు ఒప్పుకోవు. సొంత టైల్ సర్వరైనా పెట్టుకోవాలి, డబ్బు కట్టే సేవైనా తీసుకోవాలి. బొమ్మ మూలన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు ఉండి తీరాలి. అందంగా లేదని దాన్ని కత్తిరించడం తప్పు.

డాకర్‌లో (ప్రోగ్రాంలను విడి కంటైనర్లలో నడిపే సాధనం) నడుపుతుంటే మరో సంగతి. అక్కడ షేర్డ్ మెమరీ మామూలుగా 64 ఎంబీయే. పెద్ద పేజీలకు క్రోమ్ అక్కడే కూలుతుంది. దాన్ని 1 జీబీకి పెంచండి. బ్రౌజర్‌ను ఒక్కసారే తెరిచి ఉంచి, మ్యాపు మ్యాపుకూ కొత్త పేజీ తెరవండి, పని కాగానే మూసేయండి.

ప్రశ్న: మ్యాప్‌లిబ్రేకు (బ్రౌజర్‌లోనే మ్యాపు గీసే మరో లైబ్రరీ) మారాక ఊళ్ల తెలుగు పేర్లు చెదిరిపోతున్నాయి. ‘విశాఖపట్నం’లో ‘ట’ కింద ఉండాల్సిన ఒత్తు విడిపోయి ‘విశాఖపట్‌నం’ అని వస్తోంది. ఫాంటు మార్చినా అంతే.
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: తప్పు ఫాంటుది కాదు. మ్యాప్‌లిబ్రే పద్ధతిలో అక్షరాలు 256 చొప్పున పొట్లాలుగా వస్తాయి. తెలుగు 3072–3327 పొట్లంలో ఉంటుంది. అందులో యూనికోడ్ సంఖ్య ఉన్న అక్షరాలే ఉంటాయి. ఒత్తులకు విడి సంఖ్యలు లేవు. ఆ రూపాలు ఫాంటు లోపల ఉంటాయి, హార్ఫ్‌బజ్ వంటి షేపింగ్ ఇంజిన్ వాటిని వెతికి సరైన చోట కూర్చాలి. పొట్లాల దారిలో ఆ పని జరగదు.

పేర్లు ఎక్కువుంటే మ్యాప్నిక్ 3తో (సర్వర్ మీద మ్యాపు గీసే సాధనం) రాస్టర్ టైల్స్ (ముందే గీసిన బొమ్మ ముక్కలు) తయారుచేసుకోండి. దానిలో హార్ఫ్‌బజ్ ఉంది, ఒత్తులు సరిగా పడతాయి. పది పదిహేను పేర్లే అయితే స్టైల్‌లోంచి లేబుళ్లు తీసేసి, పేర్లను హెచ్‌టీఎంఎల్ మార్కర్లుగా పెట్టండి. అప్పుడు కూర్పు బ్రౌజర్ చేస్తుంది. పేర్లు ఒకదానిమీదొకటి పడకుండా చూసుకోవడం మాత్రం మీ పనే. సర్వర్‌లో తెలుగు ఫాంటు లేకపోతే డబ్బాలు కనిపిస్తాయి. డెబియన్‌లో ఫాంట్స్-నోటో-కోర్ ప్యాకేజీ వేస్తే నోటో సాన్స్ తెలుగు వస్తుంది. మ్యాప్‌లిబ్రేలో ‘లోడ్’ కాకుండా ‘ఐడిల్’ ఈవెంట్ కోసం ఆగండి. జూమ్ సంఖ్య లీఫ్‌లెట్ కన్నా 1 తక్కువ ఇస్తేనే అదే కొలత వస్తుంది.

ప్రశ్న: 15 సెంటీమీటర్ల వెడల్పున అచ్చు వేయాలి. ఎన్ని పిక్సెళ్లు కావాలి?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) 15 ÷ 2.54 × 300 = 1,772. పేజీ వెడల్పు 886 పెట్టి, డివైస్ స్కేల్ ఫ్యాక్టర్ (పేజీ పిక్సెల్‌కు అడ్డంగా ఎన్ని బొమ్మ పిక్సెళ్లో చెప్పేది) 2 ఇవ్వండి. వెక్టర్ టైల్స్ (బొమ్మగా కాక గీతల సమాచారంగా వచ్చేవి) పదునుగా వస్తాయి. 256 పిక్సెళ్ల రాస్టర్ టైల్స్ సాగి మసకబారతాయి, వాటికి రెట్టింపు సైజు టైల్స్ కావాలి. లీఫ్‌లెట్ జూమ్ 12లో పిక్సెల్‌కు భూమధ్యరేఖ దగ్గర 38.2 మీటర్లు, మీ ప్రాంతపు అక్షాంశంలో సుమారు 36.7. అంటే 886 పిక్సెళ్లలో దాదాపు 32.5 కిలోమీటర్లు పడతాయి. స్కేలును 1:2,17,000 అని అంకెల్లో రాయకండి, గీతగా బొమ్మలోనే గీయించండి. డీటీపీలో బొమ్మను కుదించినా గీత కూడా దానితోపాటే కుదించుకుపోతుంది.