టైగర్ రిజర్వ్ అయితే మాకు హక్కులుండవా?

ప్రశ్న: మాది నల్లమలలో ఒక చెంచు పెంట (గూడెం). ఊళ్లో ఈడీసీ (ఎకో డెవలప్‌మెంట్ కమిటీ) ఉంది, గ్యాస్ పొయ్యిలు కూడా ఇచ్చారు. తేనెకి, తపసి చెట్టు బంకకి వెళ్తే మాత్రం 'ఇది టైగర్ రిజర్వ్, మీకిక్కడ హక్కుల్లేవు' అంటున్నారు. నిజమేనా సార్? ఈడీసీలో సంతకాలు పెట్టేశాం, ఇప్పుడు అడిగితే బాగుంటుందా?

జవాబు: నిజం కాదు. 2006 అటవీ హక్కుల చట్టంలో అటవీ భూమి అంటే ఏంటో చెప్పేచోటే శాంక్చురీలు, నేషనల్ పార్కులు కూడా అని రాసుంది. కోర్ ఏరియా (పులుల కోసం విడిగా ఉంచే భాగం) అని మిమ్మల్ని ఖాళీ చేయించాలన్నా మీ గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

ఈడీసీ అటవీ శాఖ పెట్టిన కమిటీ. పొయ్యిలొస్తాయి, పనులొస్తాయి, వద్దనక్కర్లేదు. కానీ బంక ఎప్పుడు తీయాలి, ఏ చెట్లకి ఈ ఏడు విశ్రాంతి ఇవ్వాలి అన్నది మీరే తేల్చుకోవాలంటే గ్రామసభ ద్వారా వెళ్లాలి, ఈడీసీ సంతకం దానికి అడ్డం కాదు. చాలామంది సొంత పట్టా కోసం ఫారం ఏ నింపి ఊరుకుంటారు, అక్కడే దెబ్బతింటారు. తేనె, బంక, మేత, చేపలకి ఫారం బి. అడవిని కాపాడుకుని నిర్వహించుకునే హక్కుకి ఫారం సి. మీకు ఈ రెండూ కావాలి.

సాక్ష్యాలంటే కంగారు పడకండి. పెద్దవాళ్లు చెప్పింది రాయించి పెట్టొచ్చు. పాత బావి, శ్మశానం, దేవుడి రాయి, ఇవీ చెల్లుతాయి, కాకపోతే ఒక్కటే పెడితే చాలదు. హద్దుల విషయం పక్క పెంటవాళ్లతో ముందే కూర్చుని మాట్లాడుకోండి, తర్వాత తగువులొస్తాయి. కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల్ని 2011లో టైగర్ రిజర్వ్ చేశారు, అదే ఏడాది అక్కడి సోలిగ గిరిజనులకి సాముదాయక హక్కులొచ్చాయి. కాబట్టి 'ఎక్కడా ఇవ్వలేదు' అని ఎవరన్నా అంటే ఆ మాట చెప్పండి.

ఒకటి మాత్రం మొహమాటం లేకుండా చెప్తాను. హక్కు వచ్చాక కాపలా బాధ్యత కూడా మీదే. తపసి మానుకి గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టి ఒకేసారి బంక లాగేవాడు మీ బావమరిదే అయినా ఆపాల్సింది మీరే. తేనెపట్టులో ఈగల పిల్లలున్న భాగం వదిలి తేనె భాగమే కోయాలని మీ తాతలకి ఎవరూ నేర్పలేదు కదా, అదే కట్టుబాటు కాగితం మీద రాసుకోండి.

దరఖాస్తు ఇచ్చాక మీ గ్రామసభ వేసుకున్న అటవీ హక్కుల కమిటీ దగ్గర రసీదు తీసుకోండి. గ్రామసభ కాదంటే 60 రోజుల్లోపు సబ్ డివిజన్ కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు.