పర్యావరణ ఆరోగ్యం కోర్సులో చేరిన మేనకోడలికి

చి. భార్గవికి,

అత్త ఆశీస్సులు. నువ్వేదో ఆన్‌లైన్ కోర్సులో చేరావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఏం కోర్సురా అంటే, "మొక్కలు నాటేదంటక్కా" అన్నాడు. నీ మెసేజ్ చూశాక గానీ అది పర్యావరణ ఆరోగ్య శాస్త్రమని తెలియలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను చేసింది ఆ పనే. ఏఎన్‌ఎంగా చేరిన దగ్గర్నుంచి సూపర్‌వైజర్‌గా రిటైరయ్యేదాకా ఆ పేరు మాత్రం మాకెవరూ చెప్పలేదు. "నీళ్ళు చూడండి, బ్లీచింగ్ చల్లించండి" అనేవాళ్ళు, అంతే.

పాఠాలన్నీ అమెరికా సంగతులేనని, లెక్కలు చూస్తే తల తిరుగుతోందని, చివర్లో మీ ప్రాంతంలో ఉన్న ఒక ప్రమాదం మీద రిపోర్టు రాయమన్నారని, ఏం రాయాలో తోచక టెన్షన్‌గా ఉందని రాశావు. పొదిలి పక్కన పుట్టిన పిల్లవి, ఏం రాయాలో తోచడం లేదంటే నాకు నవ్వొచ్చింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు అమెరికా పాఠాలు. ఫ్లింట్ అనే ఊరి కథ వచ్చే ఉంటుంది, రాకపోతే వస్తుంది. 2014లో ఆ ఊరికి నీళ్ళు తెచ్చే చోటు మార్చి ఫ్లింట్ నది నీళ్ళు వదిలారు. పైపుల్ని నీళ్ళు తినెయ్యకుండా కలపాల్సిన మందు కలపలేదు. పాత పైపుల్లోని సీసం కరిగి ఇళ్ళలోకి వచ్చింది. ఇబ్బంది నదిలో సీసం ఉండి రాలేదు, దారిలో పైపుల్లోంచి వచ్చింది. పిల్లలు తాగిన గ్లాసులో మాత్రం అది ఉంది. ఇది మన కథ కాదా చెప్పు! మన ఊళ్ళలో ఓవర్‌హెడ్ ట్యాంకు కింద నీళ్ళు పట్టి చూస్తే క్లోరిన్ దివ్యంగా ఉంటుంది. రిజిస్టర్‌లో అదే రాసి సంతకం పెట్టేవాళ్ళు ఉన్నారు. నేను నా కింద పనిచేసే ఏఎన్‌ఎం పిల్లల్ని చివరి కుళాయి దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. గాజు గొట్టంలో గీత దాకా నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, పది సెకన్లలోపే రంగు చూడాలి. ఆలస్యం చేస్తే పనికిరాని క్లోరిన్ కూడా రంగులోకి వచ్చి, నీళ్ళు బాగున్నాయని మోసం చేస్తుంది. ట్యాంకు దగ్గర చిక్కటి పసుపు తేలిన నీళ్ళే చివరి ఇంటి దగ్గర ఏ రంగూ లేకుండా తెల్లగా ఉండేవి. అక్కడ లీటరు నీళ్ళలో క్లోరిన్ కనీసం 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలి. మధ్యలో పైపు మురిక్కాలవలో పడుకుని ఉంటుంది. నీళ్ళు వదలని గంటల్లో పైపులో ఒత్తిడి తగ్గి, చిల్లుల్లోంచి మురుగు లోపలికి పీల్చుకుంటుంది. విరేచనాలు పట్టుకునేది ఆ వీధి వాళ్ళకే.

కాబట్టి ఏ పాఠం చదివినా ఒకటే అడుగు: ఇది మనిషికి ఎక్కడ తగులుతోంది, ఎంత తగులుతోంది? మీ పుస్తకంలో దాన్ని ఎక్స్‌పోజర్ అంటారు. కోర్సులో చేరిన వాళ్ళలో సగం మంది ఫ్యాక్టరీలు, పొగలు, సముద్రంలో ప్లాస్టిక్ బొమ్మలు చూసి బాధపడి, ఎక్స్‌పోజర్ వారం రాగానే వీడియో వదిలేస్తారు. నా లెక్కలో అసలు చదువు ఆ వారంలోనే ఉంది.

రిస్క్ అసెస్‌మెంట్‌లో, అంటే ముప్పు ఎంతో అంచనా కట్టడంలో, నాలుగు మెట్లు చెబుతారు. 1983లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ వాళ్ళు పెట్టిన వరస అది, పరీక్షలో తప్పకుండా అడుగుతారు. ఆ పదార్థం వల్ల హాని ఉందా, ఎంత మోతాదుకు ఎంత హాని, మనుషులకు నిజంగా ఎంత అందుతోంది, చివరికి ఇక్కడున్న వాళ్ళకు ముప్పు ఎంత. బట్టీ పట్టకు. మన ఫ్లోరైడ్‌ని ఆ నాలుగు మెట్లూ ఎక్కించి చూడు, చచ్చినా మర్చిపోవు.

ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళూ ఎముకలూ పాడయ్యే జబ్బుని ఫ్లోరోసిస్ అంటారు. మన దేశంలో అది మొదట బయటపడిందే నెల్లూరు జిల్లాలో. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు దాని మీద రాశారు. అప్పటికి ప్రకాశం జిల్లా ఎక్కడిది? కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు అన్నీ నెల్లూరులోనే ఉండేవి, 1970లో విడదీశారు. అంటే మీ కోర్సు మొదలవ్వాల్సింది మీ నాయనమ్మ వాళ్ళ బావి దగ్గర. ఇంకో సంగతి, ఇది ఏ కంపెనీ వదిలిన విషమూ కాదు. కింద ఉన్న గ్రానైట్ లాంటి రాళ్ళలోనే ఫ్లోరైడ్ ఉంటుంది. కాల్షియం తక్కువగా ఉండి, సోడాగుణం ఎక్కువున్న నీళ్ళు దాన్ని ఎక్కువ కరిగిస్తాయి. అందుకే ఒకే ఊళ్ళో ఈ బోరు నీళ్ళు తాగొచ్చు, ఆ బోరు నీళ్ళు తాగకూడదు అన్నట్టు ఉంటుంది. ఊరంతటికీ ఒక అంకె చెప్పే రిపోర్టు కనిపిస్తే అనుమానించు.

ఇప్పుడు లెక్క. భయపడకు, గుణకారాలు భాగహారాలు వచ్చినవాళ్ళు చెయ్యగలిగిందే. లీటరు నీళ్ళలో ఒక మిల్లీగ్రాము ఉంటే అదే ఒక పీపీఎం. మన దేశపు ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ 1 దాకా ఉంటే మంచిది, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. సరే, 1.5 ఉన్న బోరు అనుకుందాం. 50 కిలోల మనిషి నీడపట్టున కూర్చుని రెండు లీటర్లు తాగితే రోజుకు 3 మిల్లీగ్రాములు, అంటే కిలోకి 0.06. అదే బరువున్న మనిషి మే నెలలో పొలం పనికెళ్ళి ఆరు లీటర్లు తాగితే 9 మిల్లీగ్రాములు, కిలోకి 0.18. నీళ్ళు అవే, బోరు అదే, మూడింతలు లోపలికెళ్ళింది. ఇక 15 కిలోల పిల్ల ఒక్క లీటరే తాగినా కిలోకి 0.1 పడుతుంది. నీడపట్టున కూర్చున్న పెద్దాయన కంటే ఆ పిల్లకే ఎక్కువ. ఎముకలూ పళ్ళూ తయారయ్యే వయసు కూడా ఆ పిల్లదే. పళ్ళ మీద ఆ పసుపు, గోధుమరంగు చారలు పడేది చిగురు లోపల పన్ను తయారవుతున్నప్పుడే. ఎనిమిదేళ్ళు దాటాక ఇలాంటి నీళ్ళున్న ఊరు వచ్చినవాళ్ళకి ఆ చారలు పెద్దగా రావు, అయినా ఏళ్ళ తరబడి తాగితే నడుం, మెడ బిగుసుకుపోవచ్చు. పళ్ళు తెల్లగా ఉన్నాయి కాబట్టి నాకేం లేదని మీ చిన్నాన్న అంటుంటాడే, ఆయనకి ఈ పేరా చదివి వినిపించు.

నీళ్ళతోనే అయిపోదు. అన్నం ఉడికేది ఆ నీళ్ళలోనే. టీ ఆకులో సహజంగానే ఫ్లోరైడ్ ఉంటుంది. ఇప్పుడు ఇంటింటికీ ఇరవై లీటర్ల క్యాన్లు వస్తున్నాయి, తాగడానికి క్యాను నీళ్ళు, పప్పుకీ అన్నానికీ బోరు నీళ్ళు. "మేం ఫిల్టర్ నీళ్ళే వాడతాం" అంటే అక్కడితో రాయడం ఆపకు, వంటకేవి అని అడుగు. కాచి తాగుతున్నాం అనేవాళ్ళూ ఉంటారు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై తగ్గినకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది.

ఒకటి ముందే చెబుతున్నా. మీ పాఠాల్లో అమెరికాలో చాలా ఊళ్ళలో కుళాయి నీళ్ళలో కావాలనే ఫ్లోరైడ్ కలుపుతారని వస్తుంది, పళ్ళు పుచ్చిపోకుండా. ఉలిక్కిపడకు. వాళ్ళు 0.7 దగ్గర ఉంచమంటారు. మోతాదే విషమని అయిదు వందల ఏళ్ళ కిందట పారాసెల్సస్ అనే వైద్యుడు అన్న మాట మొదటి వారంలోనే వచ్చి ఉంటుంది. దానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం ఏముంది!

మిగతా పాఠాలకు కూడా ఊరు దాటిపోనక్కర్లేదు. చర్మం ద్వారా విషం ఎక్కడం అనే పాఠానికి పొగాకు చేలు చూడు. తెల్లారుజామున మంచుకు తడిసిన పచ్చాకు కోసేవాళ్ళకి కళ్ళు తిరిగి, వాంతులయ్యి, పైత్యం చేసిందనుకుని మజ్జిగ తాగి పడుకుంటారు. ఆకు మీది తడిలోకి నికోటిన్ దిగి చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. బీడీ ముట్టని ఆడకూలీకి నికోటిన్ ఎక్కడమంటే డాక్టర్లకే తట్టదు. గాలి పాఠానికి గూడూరు వైపు పలుగురాయి క్వారీలు. కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది, ఊపిరితిత్తుల అడుగుకి పోయేది కనిపించని సన్నటి ధూళి. దానితో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు సిలికోసిస్. అది వస్తే తగ్గించే మందు లేదు, పైగా క్షయ అంటుకునే అవకాశం పెరుగుతుంది. తువ్వాలు కట్టుకుంటే చాలనుకుంటారు గానీ ఆ ధూళికి తువ్వాలు ఒక లెక్క కాదు. డ్రిల్లు దగ్గరే నీళ్ళు కొడుతూ దుమ్ము లేవకుండా చెయ్యడం అన్నిటికంటే ముందు. మీ పాఠంలో నివారణ చర్యల వరస చెబుతారు కదా, మాస్కు చివర ఎందుకుందో అప్పుడు అర్థమవుతుంది.

కారణం తేల్చే పాఠం దగ్గర మాత్రం తొందరపడకు. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద ఇన్నేళ్ళుగా పరిశోధన జరుగుతోంది, నీళ్ళా, ఎండా, పురుగుమందులా అని ఇప్పటికీ అందరూ ఒప్పుకున్న జవాబు లేదు. నువ్వు ఒక్క సెమిస్టర్ రిపోర్టులో ఫలానా దాని వల్లే అని రాసెయ్యకు. అలాగని కారణం పూర్తిగా తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. 1854లో లండన్లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చావులు ఏ పంపు చుట్టూ ఉన్నాయో చూసి ఆ పంపు హ్యాండిల్ తీయించే నాటికి కలరా క్రిమి సంగతి ఆయనకి తెలీదు.

ఇక రిపోర్టు. ఫ్లోరైడే తీసుకో. జిల్లా మొత్తం మీద రాస్తానని కూర్చోకు, మీ వీధి బోర్లు చాలు. శాంపిలు పట్టేముందు బోరు కాసేపు వదిలెయ్యి, గొట్టంలో నిలవున్న నీళ్ళు పోవాలి. ప్లాస్టిక్ సీసా తీసుకో, ఫ్లోరైడుకి గాజు సీసా వద్దు. అదే నీళ్ళతో రెండు మూడుసార్లు తొలిచి, నిండా పట్టి, ఏ బోరు, ఎంత లోతు, ఏ రోజు అని అక్కడే సీసా మీద రాసెయ్యి. ఇంటికొచ్చి రాద్దామనుకుంటే అన్ని సీసాలూ ఒకేలా ఉంటాయి. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్ళల్లో ఆడవాళ్ళకి కిట్లతో నీళ్ళు పరీక్షించడం నేర్పారు, మీ పంచాయతీలో ఎవరున్నారో కనుక్కో. మందు కలిపాక గులాబీ రంగు నుంచి పసుపు వైపు తిరిగేకొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువన్నట్టు. కిట్టు చెప్పేది ఉజ్జాయింపే, 1.5 అటూ ఇటూ ఊగే బోరుంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌కి పంపించు. తర్వాత నాలుగిళ్ళకి వెళ్ళి ఎవరు ఎన్ని చెంబులు తాగుతారో అడుగు. ఆ చెంబు ఎంత పడుతుందో నువ్వే కొలువు. పైన చేసిన లెక్కలో ఆ అంకెలు పెడితే రిపోర్టు దానంతటదే వస్తుంది. ఫోన్‌ని అడిగితే రిపోర్టంతా రాసిచ్చేస్తుందట కదా ఇప్పుడు. అది ఏమైనా రాస్తుంది, మీ వీధి చెంబు కొలవదు.

ఒక్క జాగ్రత్త. పళ్ళు ఫొటో తియ్యకు, పెళ్ళి కావాల్సిన పిల్లలవి అసలే వద్దు. "ఆ ఊరి నీళ్ళ పిల్ల" అని సంబంధాలు వెనక్కి పోయిన ఇళ్ళు నాకు తెలుసు. ఊరి పేరు కూడా రాయకపోయినా మార్కులు పోవు. బోరులో ఎక్కువ తేలితే ఆ ఇంటి వాళ్ళకి అంకె చెప్పి వచ్చెయ్యకు, దగ్గర్లో తక్కువున్న బోరు ఏదో చూపించు, పిల్లలకు పాలు, రాగిజావ మాననివ్వొద్దని చెప్పు. కాల్షియం సరిగ్గా అందే పిల్లల్లో హాని కొంత తగ్గుతుంది.

చదవడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వీడియోలు కాలేజీ వైఫైలో డౌన్‌లోడ్ చేసుకో, ఇంటి దగ్గర సిగ్నల్‌తో కుస్తీ పట్టకు. విన్న పాఠం ఆ రాత్రే నాయనమ్మకి తెలుగులో చెప్పు. ఆమె మధ్యలో "అయితే ఇప్పుడేం చెయ్యాలంటావే?" అంటుంది. జవాబు దొరక్కపోతే ఆ పాఠం మళ్ళీ విను. అసైన్‌మెంట్ గడువు ఆదివారం రాత్రి పన్నెండు అన్నావు, శనివారమే పెట్టేసెయ్యి, మీ ఊళ్ళో ఆదివారం కరెంటు సంగతి నీకు తెలియంది కాదు. సీసాలు నేను పంపుతాను, కూల్‌డ్రింకు సీసాలు కడిగి వాడొద్దు.

ఇట్లు,
మీ అత్త
నెల్లూరు