‘బాగుంది’ అని మాత్రం రాయకు

బుజ్జీ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. ఒకే పుస్తకం, రెండు కాపీలు, పక్కపక్కన. ఒకదాని అట్ట పాతది, ఇంకోదానిది కొత్తది. బుక్ ఫెయిర్‌లో కొనుక్కొచ్చి నలభై పేజీలు చదివాక, ‘అరె, ఇది ముందే చదివానే’ అని అనుమానం వచ్చి అటక మీద అట్టపెట్టెలో వెతికితే మొదటి కాపీ దొరికిందన్నావు. కింద నవ్వు బొమ్మ పెట్టావు గానీ, ఆ తర్వాత రాసిన ముక్కలో దిగులే కనిపించింది నాకు. ‘చదివినవి గుర్తుండటం లేదు, కొన్నవి చదవటం లేదు, ఏదైనా పద్ధతి చెప్పు పెద్దమ్మా’ అన్నావు.

ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగానికి మీటింగ్ ఉందంటావు. అందుకే రాస్తున్నాను.

ముందు నా సంగతి. శాఖా గ్రంథాలయంలో ముప్పై ఏళ్ళు పనిచేశాను కదా, నా సొంత చదువు లెక్క పక్కాగా ఉంటుందనుకుంటావు. ప్రతి పుస్తకానికీ యాక్సెషన్ నంబరు (లైబ్రరీ రిజిస్టర్‌లో దాని వరస సంఖ్య) వేసి, లోపల డేట్ స్లిప్పు అంటించి, ఎవరు తీసుకెళ్ళారో, ఎప్పుడు తెచ్చిచ్చారో రాసేదాన్ని. ఊళ్ళో వాళ్ళు ఏం చదివారో నా రిజిస్టర్‌లో ఉండేది. నేనేం చదివానో ఎక్కడా ఉండేది కాదు. 1984లో ఒక లాంగ్ నోట్‌బుక్ మొదలుపెట్టాను. పేరు, రచయిత, చదవటం అయిన తేదీ, అభిప్రాయం, ఇవీ గళ్ళు. అభిప్రాయం గడిలో ఏం రాశానో తెలుసా? ‘బాగుంది’. దాని కింద మళ్ళీ ‘బాగుంది’. ఇంకోచోట ‘చాలా బాగుంది’. అరుదుగా ‘ఫరవాలేదు’. ఆరేళ్ళు, దాదాపు రెండు వందల పుస్తకాలు అలాగే రాశాను.

ఒకరోజు ఒక ఇంటర్ పిల్ల లైబ్రరీకి వచ్చి, ఒక నవల చేతిలో పట్టుకుని, ‘మేడమ్, ఇది మీరు చదివారా? ఎలా ఉంటుంది?’ అని అడిగింది. చదివానని తెలుసు, నోట్‌బుక్కులో ‘చాలా బాగుంది’ అని రాసిన గుర్తు కూడా ఉంది. కానీ అందులో ఏముందో ఒక్క ముక్క నోటికి రాలేదు. ‘బాగుంటుందమ్మా’ అన్నాను. ఆ పిల్ల నా మొహం వంక చూసి పుస్తకం తిరిగి బీరువాలో పెట్టేసింది.

కాబట్టి ‘బాగుంది’ అని మాత్రం రాయకు. ఎంత రాయాలంటే, ఒక్క వాక్యం చాలు. కాకపోతే ఆ వాక్యం ఇంకే పుస్తకం గురించీ రాయటానికి వీల్లేనిదై ఉండాలి. ‘పాత్రలు సజీవంగా ఉన్నాయి’ అని దేని గురించైనా రాయొచ్చు. 1991లో ఒక నవల పక్కన నేను రాసుకున్నది చూడు: ‘అత్తగారు పోయిన రోజు రాత్రి కోడలు ఎవరూ చూడకుండా పెరుగన్నం తినే చోట పుస్తకం మూసేసి కాసేపు కూచున్నాను.’ ఈ ముక్క చదివితే నవల మొత్తం తిరిగొస్తుంది నాకు.

ఎక్కడ చదివావో అది కూడా రాయి. జ్ఞాపకానికి చోటు ఉంటే నిలబడుతుంది. 1995లో ఒక పుస్తకం పక్కన ఇలా ఉంది: ‘ఆసుపత్రి వరండాలో, చెల్లి కాన్పుకి. 112వ పేజీ దగ్గర ఆడపిల్ల అన్నారు.’ ఆ ఆడపిల్లవి నువ్వే. నవల ఏమంత గొప్పది కాదు, 113వ పేజీ నుంచి ముగింపు దాకా చదివానో లేదో కూడా నోట్‌బుక్కులో లేదు. కానీ ఆ పుస్తకాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

మిగతా గళ్ళ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. మొదలుపెట్టిన తేదీ, అయిన తేదీ, ఎక్కడ దొరికింది (కొన్నావా, లైబ్రరీనా, ఎవరైనా ఇచ్చారా, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిందా), ఎన్నో ముద్రణ. ముద్రణ ఎందుకంటావా? ‘కన్యాశుల్కం’ సంగతే తీసుకో. 1897లో అచ్చయిన మొదటి కూర్పు వేరు, గురజాడ పెంచి, మార్పులు చేసి 1909లో వేయించిన రెండో కూర్పు వేరు. మామూలుగా మన చేతికి వచ్చేది రెండోది. ఒకసారి ఇద్దరు రిటైర్డు మాస్టార్లు నా టేబులు ముందే అరగంట వాదులాడుకున్నారు, ఫలానా మాట అందులో ఉందని ఒకాయన, లేదని ఒకాయన. చివరికి తేలిందేమంటే ఇద్దరూ చదివినవి వేరువేరు కూర్పులు. ఇద్దరిదీ తప్పు కాదు, కానీ ఎవరూ ఓడిపోలేదన్న కోపం మాత్రం ఇద్దరికీ మిగిలింది.

పేర్ల దగ్గర ఇంకో చిక్కుంది, దాన్ని ముందే పరిష్కరించుకో. బుచ్చిబాబు అసలు పేరు శివరాజు వెంకటసుబ్బారావు. ఆరుద్ర అంటే భాగవతుల సదాశివశంకరశాస్త్రి. ఇక విశ్వనాథ సత్యనారాయణగారిని ఇంటిపేరుతోనే పిలుస్తాం, మరికొందరిని ఇంటిపేరు లేకుండా పిలుస్తాం. నోట్‌బుక్ చివరి పేజీల్లో అకారాది పట్టిక వేసుకునేటప్పుడు ఒక్కటే నియమం పెట్టుకో: నువ్వు నోటితో ఏ పేరు అంటావో ఆ అక్షరం కిందే రాయి. లైబ్రరీలో నేను పాటించిన నియమాలు వేరు, అవి పదిమంది కోసం. ఇది నీ ఒక్కదాని కోసం.

నోట్‌బుక్కా, ఫోనా అని అడుగుతావని తెలుసు. రాయగలిగితే నోట్‌బుక్కే మేలంటాను, నా చాదస్తం అనుకో. నీకు ఫోనే అలవాటైతే అదే వాడు, కానీ ఒక షీట్ తెరిచి నీ గళ్ళు నువ్వే గీసుకో. చదివిన పుస్తకాలు నమోదు చేసుకునే గుడ్‌రీడ్స్ యాప్‌లో నేనూ ఖాతా తెరిచాను, ఇంగ్లీషు పుస్తకాలకు సుఖంగానే ఉంది. తెలుగు పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి ఒకే పుస్తకం ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరకంగా, ఇంకోరకంగా, తెలుగు లిపిలో మరోరకంగా ఉండి, దేన్ని ఎంచుకోవాలో తెలీక విసుగొచ్చింది. కొన్ని అసలు దొరకలేదు. నీ షీట్‌లో పేరు తెలుగులో ఒక గడి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక గడి పెట్టుకుంటే స్టాల్ ముందు నిలబడి వెతుక్కోవటం తేలిక. ఆర్నెల్లకోసారి దాని కాపీ ఒకటి దించుకుని పెట్టుకో. నాకు తెలిసినాయన ఒకరు ఏదో యాప్‌లో ఏళ్ళ తరబడి రాసుకున్నదంతా ఫోన్‌తో పాటే పోగొట్టుకున్నారు.

ఆ యాప్‌లన్నీ జనవరిలో ‘ఈ ఏడాది ఎన్ని చదువుతారు?’ అని అడుగుతాయి. ఆ గడి ఖాళీగా వదిలెయ్. యాప్ అడక్కపోయినా నేనూ ఆ తప్పు చేశాను. 1998లో వారానికొకటి, ఏడాదికి యాభై రెండు అని పంతం పట్టాను. దీపావళికి ముప్పై ఒకటి అయ్యాయి. ఇక చూడు, సన్నటి పుస్తకాల వేట మొదలైంది. మంచి నవల చేతిలోకి తీసుకోవటం, వెన్ను మందం చూడటం, పక్కన పెట్టేయటం. డిసెంబరు ఆఖరుకి యాభై రెండూ అయ్యాయి. ఆ చివరి ఇరవై ఒకటిలో ఒక్కటంటే ఒక్కటి మళ్ళీ తెరవలేదు నేను.

కథల పుస్తకాలకు వేరే పద్ధతి కావాలి. నవల చదివినట్టు ఏకబిగిన చదివితే ఏడో కథకి మొదటి కథ చెరిగిపోతుంది. విషయసూచికలో చదివిన కథ పక్కన పెన్సిల్‌తో చిన్న టిక్కు, తేదీ పెట్టుకో. నచ్చినదానికి చుక్క. ‘అమరావతి కథలు’ సరిగ్గా వంద. నేను రాత్రికొకటి చొప్పున చదివాను, మధ్యలో నాగాలు పోను నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో వేరే నవలలు రెండు మామూలుగా నడిచాయి. పుస్తకం మీద పెన్సిల్ గీత పెట్టటం పాపం అనుకునేవాళ్ళ మాట వినకు, లైబ్రరీ పుస్తకం మీద మాత్రం పెట్టావో, నీ వీపు పగులుతుంది.

సగంలో వదిలేసినవి కూడా రాయాలి. సిగ్గుపడే పనేం కాదు. ఎన్నో పేజీలో ఆపావో రాసి, పక్కన రెండు మాటల్లో ఒకటి పెట్టు: ‘ఇప్పుడు కాదు’, లేదా ‘ఇక వద్దు’. ఆ రెండూ ఒకటి కాదు. ఇరవై మూడేళ్ళప్పుడు నేను ‘ఇప్పుడు కాదు’ అని రాసి పెట్టిన ఒక నవల నలభై ఎనిమిదో ఏట మళ్ళీ తీసి రెండు రాత్రుల్లో చదివేశాను. ‘ఇక వద్దు’ అని రాసుకున్నది ఇంట్లో ఉంచుకోకు. ఎస్.ఆర్. రంగనాథన్‌గారు 1931లో చెప్పిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో మూడోది, ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడుంటాడని. మాకు అది ఉద్యోగ పాఠం. ఆ పాఠకుడివి నువ్వే కానక్కర్లేదు. మీ పేటలో లైబ్రరీ ఉంటే అక్కడ ఇచ్చెయ్.

ఇప్పుడు రాబోయే చదువు సంగతి. నీ ఫొటోలో వెనక గూటిలో కనపడుతున్నవి కళ్ళజోడు పెట్టుకుని లెక్కపెట్టాను, ముప్పై నాలుగు. మెట్రోలో పోనూ రానూ రోజుకు ఇరవై పేజీలు చదువుతానన్నావు. నెలకు ఆరు వందలు. మూడు వందల పేజీల పుస్తకాలైతే నెలకు రెండు. అంటే ఆ గూడు ఖాళీ కావటానికి పదిహేడు నెలలు. ఈలోపు ఇంకో బుక్ ఫెయిర్ తప్పకుండా వస్తుంది, అది నీకు తెలియనిది కాదు. కొనొద్దని అనటం లేదు. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్ళి ఉత్త చేతులతో ఇంటికి వచ్చిన ఏడాది నాకూ లేదు. కాకపోతే ఆ పదిహేడు నెలలు అన్న అంకె చేతిలో పట్టుకుని వెళ్ళు. పది శాతం తగ్గింపు బోర్డు కింద నిలబడినప్పుడు పనికొస్తుంది.

వరసలో మూడింటినే ఉంచు. నాలుగోది వద్దు. ఒకటి బరువైనది, ఒకటి తేలికైనది, ఒకటి కథల పుస్తకమో కవిత్వమో. ఒకటి అయిపోతేనే గూట్లోంచి ఇంకొకటి వరసలోకి. మిగతా ముప్పై ఒకటికీ క్రమం పెట్టుకోకు. పెట్టుకున్న మర్నాడే నీ మనసు మారుతుంది, అప్పుడు ఆ జాబితా అప్పుల పట్టీలా టెన్షన్ పెడుతుంది.

ఎవరో చదవమన్నవి వేరే పేజీలో ఉండాలి, చెప్పినవాళ్ళ పేరుతో, ఎందుకు చదవమన్నారో ఆ ముక్కతో. పేరు లేకుండా రాసుకుంటే రెండేళ్ళ తర్వాత అది ఎందుకు రాశావో నీకే తెలీదు. పేరు ఉంటే ఎవరి రుచి నీ రుచికి దగ్గరో కొన్నాళ్ళకు తేలుతుంది. మా ఆఫీసులో ఒకాయన ఉండేవారు, ఆయన ‘తప్పక చదవండి’ అంటే చాలు, తప్పించుకునేదాన్ని. అదీ ఒక దారి చూపటమే.

ఏడాది మొత్తానికి ప్లాను వేయాలని ఉంటే మాత్రం, పుస్తకాల జాబితా కాకుండా ఒక్క దారం పట్టుకో. నువ్వు హైదరాబాదులో ఉంటున్నావు. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’తో మొదలుపెట్టి, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ ఆ వరసలోనే చదువు. నిజాం పాలనలోని పల్లె నుంచి సాయుధ పోరాటం మీదుగా పోలీసు చర్య తర్వాతి రోజుల దాకా నడిచి వస్తావు. నేను లైబ్రరీలో ఏది ముందు చేతికొస్తే అది చదివి, తలాతోకా తిరగేశాను. చివర్లో ‘చిల్లర దేవుళ్ళు’ చదువుతుంటే, ముందే తెలిసిపోయిన కబురు మళ్ళీ వింటున్నట్టు అనిపించింది. తప్పు నాదే, పుస్తకాలది కాదు.

మాటల్లో పడి ఒకటి మర్చిపోయాను. నోట్‌బుక్ వెనక అట్టకు ముందు పేజీ ‘ఇచ్చినవి’ అని పెట్టు. పుస్తకం పేరు, తీసుకున్నవాళ్ళ పేరు, తేదీ. మొహమాటపడకుండా వాళ్ళ ముందే రాయి. ఆఫీసులో ఊరందరి దగ్గరా సంతకాలు పెట్టించుకున్న నేను, ఇంట్లో మాత్రం చుట్టాలని, తెలిసినవాళ్ళని మొహమాటపడ్డాను. నా బీరువాలో ఖాళీలు ఎన్నో నీకు తెలుసు. వాటిలో ఒకటి, ఇప్పుడు నీ దగ్గర రెండు కాపీలున్న ఆ పుస్తకానిదే. 1996లో వెళ్ళింది, ఎవరింటికి వెళ్ళిందో కూడా తెలుసు, వాళ్ళు ఇప్పటికీ పండక్కి స్వీటు పంపుతారు, పుస్తకం పంపరు.

అందుకని ఆ పాత అట్ట కాపీ ఎవరికీ ఇవ్వకు. కొరియర్ కూడా వద్దు, మూలలు నలిగిపోతాయి. ఉగాదికి వచ్చేటప్పుడు నువ్వే తీసుకురా. నీ ‘ఇచ్చినవి’ పేజీలో మొదటి పేరు నాదే రాసుకో, తేదీ వేసి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ