నాటువైద్యులను పనిలో పెట్టుకున్న ప్రొఫెసర్

ప్రశ్న: నైజీరియాలో ఒక సైకియాట్రిస్టు పేషెంట్లను వార్డులో కాకుండా పల్లెటూళ్లలో ఉంచి, నాటువైద్యులను కూడా పనిలో పెట్టుకున్నాడని విన్నాను. నిజమేనా? అలాంటాయన ప్రొఫెసర్ ఎలా అయ్యారండీ?
- ఒక నర్సింగ్ విద్యార్థిని

జవాబు: నిజమేనమ్మా. ఆయన పేరు థామస్ అడెయోయె లాంబో. 1923లో అబెయొకుటాలో పుట్టి, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో డాక్టరీ చదివి, 1954లో సొంత ఊళ్లోనే అరో మానసిక వైద్యశాలలో చేరారు. తీరా వచ్చి చూస్తే భవనాలు ఇంకా పూర్తి కాలేదు. ఇంకొకరైతే కట్టేదాకా ఆగేవారేమో, ఈయన మాత్రం పక్క ఊళ్లకు వెళ్లి, పేషెంట్లకు గదులు అద్దెకివ్వమని పెద్దలను ఒప్పించారు.

షరతు ఒక్కటే, పేషెంటు వెంట ఇంటిమనిషి ఒకరైనా రావాలి. అమ్మో అక్కో ఎవరైనా సరే, వండిపెట్టాలి, బట్టలుతకాలి, పొద్దున్నే ఆస్పత్రికి తీసుకొచ్చి మధ్యాహ్నం మళ్లీ గదికి తీసుకెళ్లాలి. ఆస్పత్రిలో మందులు, కరెంటు షాకు, ఆనాటి వైద్యమంతా మామూలుగానే జరిగేది. ఇది వదిలేసి, ఆయనేదో మాత్రలు మాన్పించి తాయెత్తులు కట్టించారన్నట్టు చెబుతుంటారు కొందరు, నాకు చిరాకు! ఊరివాళ్లకేం లాభమంటారా? అద్దె వచ్చేది, ఇళ్లు బాగుచేసుకోవడానికి ఆస్పత్రే అప్పిచ్చేది, ఊళ్లోకి కుళాయిలు, మరుగుదొడ్లు వచ్చాయి.

నాటువైద్యులు ఎందుకంటే, పేషెంటు ఎవరు చేతబడి చేశారని భయపడుతున్నాడో, ఇంట్లో ఎవరితో చెడిందో వాళ్లు చెప్పించినంతగా తెల్లకోటు డాక్టరు చెప్పించలేడు కదా. అక్కడి యోరుబా తెగ జనం నమ్మేది వాళ్లనే.

ప్రొఫెసర్ ఎలా అయ్యారన్నారు, ఈ పనివల్లే అనుకోండి. ఆఫ్రికావాళ్లకు డిప్రెషన్ పెద్దగా రాదని తెల్ల డాక్టర్లు పుస్తకాల్లో రాసేసిన రోజులవి. 1961లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్లతో కలిసి లాంబో బృందం యోరుబా ఊళ్లలో సర్వే చేస్తే, ఆ లక్షణాలు అక్కడా బాగానే కనిపించాయి. అదే ఏడు ఆఫ్రికా సైకియాట్రిస్టుల మొదటి సమావేశం కూడా అబెయొకుటాలోనే పెట్టించారు. 1963లో నైజీరియాలోనే ఇబాడాన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్, 1968లో అక్కడే వైస్ ఛాన్సలర్, ఆ తర్వాత జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు 1973 నుంచి 1988 దాకా డిప్యూటీ డైరెక్టర్ జనరల్. 2004లో పోయారు.

అన్నట్టు, అరో ఆస్పత్రి ఇప్పటికీ నడుస్తోంది.